జట్కా కేశవులు అడిగి తెచ్చుకున్న నిబంధనలు

అనగనగా ఒక అడవి, ఆ అడవికి ఒక మునిసిపాలిటీ. అడవికి మునిసిపాలిటీ ఏమిటని అడగకండి పిల్లలూ. జంతువులు ఎక్కువైన చోట తగాదాలు ఎక్కువవుతాయి. తగాదాలు ఎక్కువైన చోట మునిసిపాలిటీ దానంతట అదే మొలుస్తుంది. ఈ అడవిలో అది ఏటి ఒడ్డున, మద్దిచెట్టు కింద మొలిచింది. దానికి చైర్మన్ ఎలుగుబంటి భద్రయ్య. ఇన్‌స్పెక్టరు కొంగ శేషావతారం.

ఏటి రేవు నుంచి సంతకు వెళ్ళాలంటే పెద్దమిట్ట ఎక్కాలి. పేరుకు మిట్టే గాని, అది చిన్న కొండంత ఉంటుంది. ముసలి మేకలు, గుడ్లబుట్టలు మోసే కోళ్ళు, నడవడానికి బద్ధకించే పందులు ఆ దారిలో జట్కా ఎక్కేవాళ్ళు. ఆ జట్కా కేశవులుది.

కేశవులు గుర్రం. ఆ అడవిలో జట్కాకు తోలేవాడు వేరు, లాగేవాడు వేరు కాదు. రెండూ ఒకరే. కేశవులు బండికి వెదురు గూడు ఉండేది. లోపల మెత్తగా గడ్డి పరిచి, పైన పట్టా వేసి ఉండేది. బండి వెనక మునిసిపాలిటీ వారు ఇచ్చిన ఇత్తడి లైసెన్సు బిళ్ళ మెరుస్తూ ఉండేది. బిళ్ళ ఉంటేనే బండి కదలాలి. అన్నిటికన్నా ఎక్కువ మెరిసేది మాత్రం కేశవులు జూలు. ఎక్కేవాళ్ళు వచ్చి కూర్చున్నాక కూడా అతను జూలు దువ్వుకోవడం పూర్తయ్యేదాకా బండి కదిలేది కాదు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అనడానికి ఇంకో బండి ఉండాలి గదా.

ఒక వానాకాలం పోయాక ఇంకో బండి వచ్చింది. దాన్ని లాగేది నూకాలు. నూకాలు గాడిద. పై ఊళ్ళో చాకిరేవు దగ్గర బట్టల మూటలు మోసి మోసి, ఇక మూటలు చాలనుకుని, బండి కట్టింది. లైసెన్సు బిళ్ళ తెచ్చుకుని రేవు దగ్గర స్టాండులో కేశవులు వెనకాల నిలబడింది. ఒక్క కోడి ఎక్కినా బయలుదేరేది. దారిలో ఎక్కువ మాట్లాడేది కాదు. కుదుపు తగలకుండా నడిచేది.

నూకాలుకు ఒక అలవాటు ఉంది. బండి ఎత్తు ఎక్కేముందు వెనక్కి తిరిగి, మేకమ్మను కాస్త ముందుకు జరగమనేది. దిగేముందు పందిబాబును కాస్త వెనక్కి జరగమనేది. జట్కాకు ఉండేవి రెండు చక్రాలే. బరువు ముందుకు ఎక్కువైతే లాగేవాళ్ళ మెడ విరుగుతుంది. వెనక్కి ఎక్కువైతే, లాగేవాళ్ళకు అటూ ఇటూ ఉండే బండి కర్రలు పైకి లేస్తాయి.

"పాపం, బలం లేనివాళ్ళ పని అంతే. ఎక్కినవాళ్ళనే మోయమంటారు," అని కేశవులు కోళ్ళ దగ్గర నవ్వేవాడు.

తనూ రోజంతా జరగండి బాబూ జరగండి అంటూనే ఉంటాడు. ఆ సంగతి అతనికి తెలియదు. నిద్రలో గురక పెట్టేవాడికి తన గురక వినపడనట్టే, ఆ మాట అతనికి ఎప్పుడూ వినపడలేదు.

నెల తిరిగేసరికి కోళ్ళు నూకాలు బండి ఎక్కాయి. మేకలు ఎక్కాయి. చివరికి, గుర్రం బండి తప్ప ఎక్కమని ప్రతిజ్ఞ చేసిన పందులు కూడా ఎక్కాయి. కేశవులు జూలు దువ్వుకుని, మళ్ళీ దువ్వుకుని, ఇక దువ్వడానికి ఏమీ మిగలక, నేరుగా మునిసిపాలిటీకి వెళ్ళాడు.

సభలో అతను ప్రజాక్షేమం గురించి చాలాసేపు మాట్లాడాడు. అద్దె బండ్ల మీద అదుపు లేకుండా పోయిందన్నాడు. తనకోసం కాదనీ, ప్రయాణికుల కోసమేననీ అన్నాడు. అందుకు మూడు నిబంధనలు కావాలన్నాడు. పొడవు చెవులు ఉన్నవాళ్ళు బండి లాగితే వెనకున్నవాళ్ళకు దారి కనపడదు, కాబట్టి చెవులకు ఒక హద్దు ఉండాలి. ఓండ్ర పెట్టేవాళ్ళు లాగితే కోళ్ళు బెదిరి గుడ్లు పగులుతాయి, కాబట్టి నోటికి ఒక హద్దు ఉండాలి. ఇక మూడోది, ఎక్కి కూర్చున్న మర్యాదస్తులను ముందుకు జరగమనీ వెనక్కి జరగమనీ వేధించకూడదు.

చైర్మన్ భద్రయ్య గడ్డం గోక్కున్నాడు. "ఏమయ్యా కేశవులూ, ఒకరి చెవులు చూసి చట్టం రాస్తే బాగుండదు. రాస్తే అందరికీ కలిపి రాయాలి."

"అలాగే రాయండయ్యా. ధర్మం అంటే అదే కదా," అన్నాడు కేశవులు.

కొంగ శేషావతారం రాశాడు. అతను రాస్తే ఆఫీసు భాషే వస్తుంది. అద్దెబండి లాగువారి తలపైనను మెడపైనను నిక్కునదియు వేలాడునదియు ఏదియు ఉండరాదు. దారిలోగాని స్టాండులోగాని గొంతెత్తరాదు. ఎక్కి కూర్చున్న ప్రయాణికుని దిగువరకు కదలమనరాదు. మీరినవారి బిళ్ళ ఊడబీకబడును.

ముళ్ళపంది మెంబరు, ఇవి కేశవులుకు కూడా వర్తిస్తాయా అని అడిగింది. అందరికీ వర్తిస్తాయన్నాడు చైర్మన్. కేశవులు తల ఊపి నవ్వాడు. జూలు అందంగా కదిలింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. దాన్ని వ్యతిరేకించాలని ఇంటి దగ్గర బయలుదేరిన తాబేలు మెంబరు అప్పటికి ఇంకా సగం దారిలోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే శేషావతారం స్టాండులో ఒంటికాలి మీద నిలబడ్డాడు.

ముందు నూకాలును చూశాడు. ఆమె రెండు చెవులూ వెనక్కి మడిచి, మెడకు ఆనించి, ఒక గుడ్డపేలికతో కట్టుకుని వచ్చింది. మూటలు కట్టిన చేయి కదా, ముడి గట్టిగా పడింది. కొంగ ముక్కుతో అటూ ఇటూ కొలిచి, సరే అన్నాడు.

తర్వాత కేశవులును చూశాడు. చెవులు వాల్చుకునే ఉన్నాడు గాని, మెడ మీద నిక్కినదేదో ఉంది. నుదుటి మీద వేలాడేదేదో ఉంది.

"ఇది జూలండీ. చెవి కాదు," అన్నాడు కేశవులు.

"నిబంధనలో చెవి అన్న మాటే లేదు," అన్నాడు కొంగ. అన్నాక, ముక్కు దించి ఇత్తడి బిళ్ళ వైపు చూశాడు.

కోతి మంగలిని పిలిపించారు. పని ముగిసేసరికి కేశవులు మెడ మీద కొబ్బరిపీచు బ్రష్షులాంటిది ఒకటి మిగిలింది. రోజూ ఎక్కే కుందేలు వచ్చి, అతన్ని కిందినుంచి మీదిదాకా చూసి, "ఎవరు బాబూ నువ్వు? నూకాలుకు తమ్ముడివా?" అని అడిగింది.

అది మొదటి నిబంధన. రెండోది మధ్యాహ్నానికి తగులుకుంది. నూకాలు దారిలో నోరు విప్పదు. ఓండ్ర పెట్టాలనిపిస్తే తెల్లవారక ముందే ఇంటి దగ్గర పెట్టి వస్తుంది. కేశవులు బేరం మాత్రం నోటి మీదే నడుస్తుంది. రేవు దిగినవాళ్ళను చూసి "సంతకే, సంతకే, సంతకే" అని అరవకపోతే అతని బండి నిండదు. అరవబోయాడు. కొంగ ఇంకో కాలి మీదికి మారాడు. కేశవులు నోరు మూసుకుని కళ్ళతో పిలవాలని చూశాడు. కంట్లో నలుసు పడిందేమోనని కోళ్ళు జాలిపడి వెళ్ళిపోయాయి. పళ్ళు చూపించి నవ్వితే రెండు మేకపిల్లలు ఏడుపు లంకించుకున్నాయి.

మూడో నిబంధన ఆ రోజు అతన్ని ఏమీ చేయలేదు, ఎందుకంటే అతని బండి ఎవరూ ఎక్కలేదు.

నూకాలు మటుకు దానికీ దారి కనిపెట్టింది. కూర్చున్నాక కదలమనకూడదు, అంతే కదా. కాబట్టి ఎక్కకముందే చెప్పేది. పందిబాబు ముందు, మేకమ్మ మధ్యలో, కోళ్ళు చివర. నిబంధన ఎక్కడా మీరలేదు. బండి ఎక్కడా తూగలేదు.

తనూ అలాగే చేస్తే ఏమవుతుందని కేశవులుకు ఒక్క క్షణం అనిపించింది. గాడిద దగ్గర బండి నేర్చుకోవాలా అని ఇంకో క్షణం అనిపించింది. అతను రెండో క్షణం మాటే విన్నాడు.

ఆ వారం సంతలో కొత్త నీళ్ళతొట్టికి ప్రారంభోత్సవం పెట్టారు. ప్రారంభించేది చైర్మన్ భద్రయ్య. ఆయన మెడలో దండతో, చంకలో పనసపండుతో రేవు దగ్గరికి వచ్చాడు. ఆ పండు ఎవరో అభిమానంతో ఇచ్చారు. దాన్ని ఆయన ఎవరి చేతికీ ఇవ్వలేదు. చైర్మన్ హోదాకు గుర్రం బండే తగుతుందని ఆయన నేరుగా కేశవులు దగ్గరికి నడిచాడు. ఇన్‌స్పెక్టరు వెనకే వచ్చాడు.

కేశవులు ఛాతీ వారం తర్వాత మొదటిసారి ఉబ్బింది.

నూకాలు పక్కకు వచ్చి, నెమ్మదిగా, అతనికి మాత్రమే వినపడేలా చెప్పింది. "అన్నా, ఆయన్ని ముందు కూర్చోబెట్టు. ఎక్కకముందే చెప్పెయ్. ఎక్కాక చెప్పలేవు."

"చైర్మన్ గారికి చోటు చూపించేంత పొగరు నాకు లేదమ్మా. నీ పందుల సంగతి నువ్వు చూసుకో," అన్నాడు కేశవులు.

భద్రయ్య ఎక్కి, బండి వెనక అంచున కూర్చుని, కాళ్ళు బయటికి వేలాడేశాడు. అక్కడైతే జనం దండాలు పెడితే కనపడతాయి. పనసపండును పక్కనే పెట్టుకున్నాడు. ముందు వైపు శేషావతారం కూర్చున్నాడు. కొంగ బరువు ఎంతని చెప్పాలి, గూట్లో గాలి ఆడినంత.

చదును నేల మీద కేశవులు కిందా మీదా పడి లాక్కుపోయాడు. పెద్దమిట్ట మొదలైంది. పది బారలు ఎక్కాడో లేదో, మెడ కింది పట్టీ బిగిసింది. కర్రలు లేవడం మొదలుపెట్టాయి. ముందుకాళ్ళు నేల విడిచాయి. ఇంకో కుదుపుకు వెనకకాళ్ళు కూడా విడిచాయి. బండి తోక నేలకు ఆనింది. కేశవులు రెండు కర్రల మధ్య, ఆరేసిన పంచెలా, గాల్లో వేలాడాడు.

కాళ్ళకు ఆ సంగతి ఇంకా తెలియలేదు. అవి పరిగెడుతూనే ఉన్నాయి.

"ఏమయ్యా, ఆగావేం?" అని అడిగాడు చైర్మన్. ఆయన ఇప్పుడు వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నాడు.

గొంతెత్తకూడదు కాబట్టి కేశవులు గొణిగాడు. "ఆగలేదండీ. పరిగెడుతున్నాను."

"మరి ఆ మబ్బు కదలడం లేదే?"

ఆయన్ని ముందుకు జరగమంటే కాళ్ళు నేలకు ఆనుతాయి. జరగమంటే బిళ్ళ పోతుంది. ఆ మాట నాలుక మీదికి వస్తోంది, పోతోంది. అది రోజూ ఎన్నిసార్లు తన నోట్లోంచి వచ్చేదో అప్పుడే అతనికి తెలిసింది. ఇంతలో ఏదో గరగరమంది. బండి వెనక్కి జారుతోంది. వెనక మిట్ట, మిట్ట కింద రేవు, రేవు అవతల నిండుగా పారుతున్న ఏరు.

ఇక అతను బిళ్ళ సంగతి మరిచిపోయాడు.

"జరగండి బాబూ, ముందుకు జరగండి," అని ఏటి అవతల ఒడ్డు దాకా వినపడేలా అరిచాడు.

భద్రయ్యకు కోపం వచ్చింది. "మేము చేసిన నిబంధనను మమ్మల్నే మీరమంటావా? మేము కదలం," అన్నాడు. బండి మటుకు కదులుతూనే ఉంది.

వెనకాలే నూకాలు బండి మిట్ట ఎక్కుతూ వస్తోంది. ఆమె ఆగీ ఆగకముందే ఆమె బండిలోంచి పందులు దూకి, జారే బండి చక్రాల కింద రాళ్ళు పెట్టాయి. బండి ఆగింది. కేశవులు మటుకు గాల్లోనే ఉన్నాడు. నూకాలు తన బండిని పక్కకు తెచ్చి నిలిపింది. మెడ చాపి, చైర్మన్ పక్కనున్న పనసపండును తొడిమ దగ్గర పళ్ళతో పట్టుకుంది. నింపాదిగా దాన్ని తీసుకుపోయి బండి ముందు వైపు, కొంగ కాళ్ళ దగ్గర పెట్టింది.

ఇదేమిటని కొంగ అడిగాడు.

"ప్రయాణికుణ్ణి కదలమనలేదు బాబూ. పండును కదిపాను. పండుకు నిబంధన ఉందా?" అంది నూకాలు.

కొంగ ఆలోచించేలోపే భద్రయ్య లేచాడు. ఎవరూ ఆయన్ని జరగమనలేదు. తన పండు ఇంకొకరి కాళ్ళ దగ్గర ఉండటం ఆయనకు నచ్చలేదు, అంతే. నాలుగు కాళ్ళ మీద పాకుతూ ముందుకు వెళ్ళి దాన్ని కావలించుకుని కూర్చున్నాడు. కర్రలు దిగాయి. కేశవులు ధబ్బున నేల మీద పడ్డాడు. అప్పటికీ పరిగెడుతున్న కాళ్ళు, నేల తగలగానే, బండిని ఒక్క ఊపున మిట్ట మీదికి చేర్చేశాయి.

నీళ్ళతొట్టి ప్రారంభమైంది. చప్పట్లు ఆగాక శేషావతారం బండి వెనక్కి వెళ్ళి, గొంతెత్తినందుకు ఒకసారి, కదలమన్నందుకు ఒకసారి మందలించి, ఇత్తడి బిళ్ళను ముక్కుతో ఊడబెరికాడు. ఖాళీ బండితో కేశవులు మిట్ట దిగాడు. దారిలో ఇద్దరు ఎక్కుతామని చెయ్యెత్తారు. ఎక్కించుకోవడానికి లేదు.

మర్నాడు సభలో విచారణ జరిగింది. సాక్షి నూకాలు. ఆమె ఏమీ మాట్లాడకపోయినా చాలు, స్టాండు మొత్తం ఆమెదే అవుతుంది. కేశవులు ఓ మూల నిలబడి, ఆమె స్థానంలో తనుంటే ఏం చెప్పేవాడో ఊహించుకున్నాడు. ప్రజాక్షేమం గురించి చాలాసేపు చెప్పి ఉండేవాడు. ఆ ప్రసంగం మొత్తం అతనికి మాట మాటా వినిపించింది. వింటుంటే, కత్తిరించిన జూలు కింద మెడ వేడెక్కింది.

నీకేమైనా చెప్పాలనుందా అని చైర్మన్ నూకాలును అడిగాడు.

"ఉందయ్యా. ఈయన బండి ఆగిపోతే రేపు తమరు ఎక్కేది నా బండి," అంది ఆమె.

భద్రయ్య ఉలిక్కిపడి చూశాడు.

"గుర్రమైనా గాడిదైనా, మిట్ట దగ్గర జరగండి అనకపోతే గాల్లోకి లేవాల్సిందే. నిన్న మన అదృష్టం బాగుండి పనసపండు ఉంది. రోజూ ఉండదు కదా. ఇంకో మాట. ఈ అడవిలో పందులే ఇరవై పైన ఉన్నాయి. అంత బరువూ నేనొక్కదాన్నే లాగలేను. కేశవులన్న బిళ్ళ కేశవులన్నకు ఇచ్చేయండి."

సభలో పందులు కొంచెం నొచ్చుకున్నాయి. భద్రయ్య నొచ్చుకోలేదు. ఆయనకు ఆ మబ్బు ఇంకా కళ్ళ ముందే ఉంది. చేసిన నిబంధనను రద్దు చేయడం ఆ మునిసిపాలిటీకి అలవాటు లేదు. తప్పు చేశామని ఒప్పుకున్నట్టవుతుందని భయం. అందుకని మూడు నిబంధనల చివరా "అవసరమైనప్పుడు తప్ప" అని చేర్చారు. చేర్చాక ఆ మూడింటిలో మిగిలింది ఆ చేర్చిన ముక్క ఒక్కటే. కొంగ బిళ్ళను తిరిగి బండికి బిగించాడు.

స్టాండుకు నడిచి వస్తూ కేశవులు, ఎందుకు అలా చెప్పావని నూకాలును అడిగాడు.

"ఏం చెయ్యనన్నా. గాల్లో వేలాడుతూ కూడా అంత కష్టపడి పరిగెత్తినవాణ్ణి నేనెక్కడా చూడలేదు. అలాంటివాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు," అంది నూకాలు, చెవులకు కట్టిన పేలిక విప్పుకుంటూ.

కేశవులుకు కోపం రావాలి. రాలేదు. ముందు ముక్కులోంచి, తర్వాత నోట్లోంచి నవ్వొచ్చింది. ఆ రోజునుంచి మిట్ట దగ్గర ఎవరి బండి ముందుంటే వాళ్ళు ఆగి, రెండో బండి ఎక్కేదాకా చూసి వెళ్ళేవాళ్ళు.

కొన్నాళ్ళకు స్టాండులోకి మూడో బండి వచ్చింది. దాన్ని లాగేది ఒంటె. పొడవాటి మనిషి, నెమ్మదస్తుడు, కొత్త చోటు కాబట్టి అందరికీ దండం పెట్టాడు. కోళ్ళు అప్పుడే అతని బండి ఎంత ఎత్తుందో చూడటానికి మూగాయి. అందులో ఒకటి ఎక్కి కూడా కూర్చుంది.

కేశవులు ఒంటె మెడ వైపు చూశాడు. చాలా పొడవు మెడ. దారిలో కొమ్మలకు తగులుతుంది. వెనకున్నవాళ్ళకు అడ్డం వస్తుంది. మెడల పొడవు గురించి ఒక చక్కని నిబంధన, ప్రజాక్షేమంతో సహా, నాలుక చివరిదాకా వచ్చింది.

అతను కిందికి వంగి ఇంత గడ్డి కొరికాడు. ఆ నిబంధనను గడ్డితో కలిపి బాగా నమిలి మింగేశాడు. తర్వాత ఒంటె దగ్గరికి వెళ్ళి, "తమ్ముడూ, పెద్దమిట్ట దగ్గర బరువు ముందుకు వేయించుకో. చైర్మన్ గారు ఎక్కితే మరీను," అని చెప్పాడు.

నీతి: పక్కవాణ్ణి ఆపడానికి నియమం అడిగేవాడు, దాన్ని ముందు తన మెడకు కట్టుకుని ఒక మిట్ట ఎక్కి చూడాలి.